హైవే ప్రయాణానికి టైరులో గాలి ఎంత ఉండాలి: స్టిక్కరు మీది అంకె వెనుక లెక్క

మే నెలలో ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక ఒక పెట్రోల్ బంకులో ఆగాను. నా ముందున్న కారాయన టైర్లలో గాలి చూడమని అక్కడి కుర్రాడిని అడిగారు. మీటరు 39 చూపించింది, అంటే 39 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌన్ల ఒత్తిడి, మన వాడుకలో పాయింట్లు). పొద్దున ఇంటి దగ్గర 33 పెట్టించుకుని బయలుదేరిన ఆయన కంగారుపడి, "ఈ ఎండకు పేలిపోతుంది, 33కి దించెయ్యి బాబూ" అన్నారు. కుర్రాడు నాలుగు చక్రాల్లోనూ ఆరేసి పాయింట్ల గాలి వదిలేశాడు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. కానీ ఆ కారు బంకులోకి వచ్చినప్పుడు భద్రంగా ఉంది, బయటికి వెళ్లేటప్పుడు ప్రమాదంలో ఉంది. అలా ఎందుకైందో అర్థమైతే, దూరప్రయాణానికి ఎంత గాలి ఉండాలన్న ప్రశ్న ముప్పాతిక వంతు తేలిపోయినట్టే.

ముందుగా ఆ 33 ఎక్కడిదో చూద్దాం. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు, ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత, మనుషులు తక్కువగా ఉన్నప్పుడు ఎంత, బండి నిండా ఎక్కినప్పుడు ఎంత అన్నది దాని మీద రాసి ఉంటుంది. కారు తయారుచేసినవారు బండి బరువు ఇరుసుల మధ్య ఎలా పంచుకుంటుందో, ఏ కొలత టైరు వేశారో, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు బండి ఎలా ప్రవర్తించాలో లెక్కగట్టి ఆ అంకెలు నిర్ణయిస్తారు. అంటే ఆ అంకె ఒక్క టైరుకు చెందినది కాదు. ఆ కారుకు, ఆ బరువుకు, ఆ టైరుకు కలిపి చెప్పినది. పక్కింటివారి కారుకు 35 అయితే మన కారుకూ 35 కావాలన్న నియమమేమీ లేదు.

ఆ అంకెకు ఒక షరతు కూడా ఉంది: అది చల్లని టైరులో ఉండవలసిన గాలి. చల్లని టైరు అంటే చలికాలపు టైరని అర్థం కాదు. కనీసం మూడు గంటలు కదలకుండా నిలిపి ఉంచిన, లేదా మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిచిన బండి టైరు అని అర్థం. పరుగెత్తిన టైరు వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఒత్తిడి పెంచుకుంటుంది. ఈ సంగతి స్టిక్కరు అంటించినవారికి తెలియనిది కాదు. ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని, పెరగక ముందు ఎంత ఉండాలో మనకు చెప్పారు. అందువల్ల 33 పెట్టిన టైరు హైవే మీద 39 చూపిస్తే అందులో తప్పేమీ లేదు. పనిచేస్తున్న టైరు చూపించవలసిన అంకె అదే.

ఎంత పెరుగుతుందో ఇంట్లో కూర్చుని కూడా లెక్క వేయవచ్చు. మూసి ఉన్న పాత్రలో వాయువు ఒత్తిడి దాని పరమ ఉష్ణోగ్రతకు అనుగుణంగా పెరుగుతుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. అయితే మీటరు చూపించేది బయటి గాలి ఒత్తిడి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే కాబట్టి, ముందు ఆ బయటి ఒత్తిడిని కలపాలి. హైదరాబాద్ ఎత్తులో అది సుమారు 13.8 పీఎస్ఐ, 33తో కలిపితే దాదాపు 46.8. తెల్లవారుజామున 27 డిగ్రీలు ఉందనుకుంటే, అది పరమ మానంలో, అంటే 273 కలిపితే, 300. కాబట్టి 46.8ని 300తో భాగిస్తే ఒక్కో డిగ్రీకి దాదాపు 0.16 పీఎస్ఐ, మరోలా చెప్పాలంటే ఆరేడు డిగ్రీలకు ఒక పాయింటు పెరుగుతుంది. ఎండ ప్రయాణంలో టైరు లోపలి గాలి 65 డిగ్రీలకు చేరితే పెరుగుదల ఆరు పాయింట్లు. బంకులో మీటరు 39 చూపించింది ఈ లెక్క ప్రకారమే.

ఇప్పుడు ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి, ఎందుకంటే అసలు అపోహ అక్కడే ఉంది. ఎండ, కాలిన తారు కొంత వేడిని ఇస్తాయి, నిజమే. కానీ టైరు తన వేడిని ప్రధానంగా తానే పుట్టించుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే వంపు దగ్గర చెయ్యి చురుక్కుమంటుంది కదా, అదే పని టైరు పక్క గోడల్లో ఆగకుండా జరుగుతుంటుంది. మామూలు కారు చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్ల కంటే కాస్త తక్కువ దూరం పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 14 చుట్లు తిరుగుతుంది. గంటలో 50 వేల సార్లకు పైగా ప్రతి భాగమూ రోడ్డుకు తగిలి వంగి, మళ్లీ సాగుతుంది. గాలి సరిపడా ఉంటే ఆ వంపు కొద్దిగానే ఉంటుంది. గాలి తగ్గితే వంపు లోతవుతుంది, ప్రతి వంపూ ఇంకొంచెం ఎక్కువ వేడిని వదులుతుంది, ఆ వేడికి రబ్బరుకూ లోపలి దారాలకూ ఉక్కు తీగల పొరలకూ మధ్య ఉన్న అతుకు మెత్తబడుతుంది. మరీ తక్కువ గాలితో మరీ వేగంగా పోతే, నేలను వదిలిన భాగం తన ఆకారానికి తిరిగి వచ్చేలోపే మళ్లీ నేల మీదికి రావలసి వచ్చి, టైరు వెనుక భాగంలో అలలు లేస్తాయి. ఆ స్థితిలో టైరు నిలిచేది కొద్ది నిమిషాలే.

కాబట్టి ఎండాకాలంలో హైవే మీద పేలిన టైరును చూసి "గాలి ఎక్కువై పేలింది" అని మనం అనుకునేది చాలాసార్లు తలకిందుల తీర్పు. మంచి స్థితిలో ఉన్న కారు టైరు పగలడానికి కావలసిన ఒత్తిడి, మనం పట్టించే గాలికి ఎన్నో రెట్లు. అయిదారు పాయింట్ల పెరుగుదల దాని ముందు లెక్కలోకి రాదు. పగిలేది ఎక్కువగా తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో, ఎక్కువసేపు పరుగెత్తి లోపల ఉడికిపోయిన టైరు, లేదా పాత దెబ్బను లోపల దాచుకున్న టైరు.

ఇందులో ఇంకో సూక్ష్మం కూడా ఉంది. టైరు వేడెక్కినప్పుడు పెరిగే ఒత్తిడి దానిని కాస్త బిగువుగా చేస్తుంది, వంపు తగ్గుతుంది, కొత్తగా పుట్టే వేడీ తగ్గుతుంది. అర్ధగంటో నలభై నిమిషాలో పోయాక వచ్చే వేడికీ గాలికి పోయే వేడికీ సరిపోయి ఉష్ణోగ్రత ఒక చోట నిలబడుతుంది. బంకులో ఆ కుర్రాడు వదిలేసింది సరిగ్గా ఆ బిగువునే. మళ్లీ రోడ్డెక్కిన ఆ కారు టైర్లు మునుపటి కంటే ఎక్కువ వంగి, మునుపటి కంటే ఎక్కువ వేడి దగ్గర నిలబడి ఉంటాయి. మర్నాడు పొద్దున చల్లారాక చూస్తే వాటిలో 27, 28కి మించి ఉండదు. ఆ సంగతి తెలియక ఆయన అదే గాలితో తిరుగు ప్రయాణం కూడా చేసి ఉండవచ్చు.

అయిదారు పాయింట్ల తేడా అంత పెద్దదా అనే సందేహం సహజం. దానికి జవాబుగా 2000 సంవత్సరంలో అమెరికాను కుదిపేసిన ఫోర్డ్, ఫైర్‌స్టోన్ వివాదాన్ని గుర్తుచేసుకోవాలి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసిన కొన్ని ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర వేగంలో ఉండగా ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 250 మందికి పైగా మరణాలను ఈ టైర్లతో ముడిపెట్టారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఆ బండికి ఫోర్డ్ స్టిక్కరు మీద సూచించినది 26 పీఎస్ఐ. వివాదం ముదిరాక టైరు సంస్థ అడిగినది 30. ప్రమాదాలు టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా వంటి వేడి రాష్ట్రాల్లో ఎక్కువగా బయటపడ్డాయి. టైరు నిర్మాణంలోనే లోపం ఉందని ప్రభుత్వ విచారణ తేల్చింది కనుక నెపమంతా గాలి మీదికి తోయడం న్యాయం కాదు. కానీ 26 నుంచి మొదలైన టైరులో రెండు మూడు పాయింట్లు సహజంగా కారిపోతే, ఆపైన వేడి, వేగం, సామాను తోడైతే, తట్టుకోవడానికి మిగిలే వెసులుబాటు చాలా సన్నగిల్లుతుందన్నది అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే అమెరికా కొత్త చట్టం చేసింది, దాని ఫలితంగానే 2007 సెప్టెంబరు నాటికి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులోనూ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. టెక్సాస్‌లోనో మిచిగాన్‌లోనో ఉండే మనవాళ్లకు మొదటి చలిగాలి వీచిన పొద్దున డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో పసుపు దీపం వెలగడం వెనుక ఉన్న చరిత్ర ఇది.

ఇక బరువు. నా అభిప్రాయంలో హైవే ప్రయాణానికి గాలి ఎంచుకోవడంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మనం అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేదీ ఇదే. టైరు మీద 91 హెచ్ అన్న తరహా గుర్తు ఉంటుంది. 91 అంటే ఆ టైరు గరిష్ఠంగా 615 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని అర్థం. అయితే 615 కిలోలు మోసేది టైరు రబ్బరు కాదు, లోపలి గాలి. మామూలు రకం కారు టైరుకు ఆ సామర్థ్యం 250 కిలోపాస్కళ్ల దగ్గర, అంటే మన మీటరులో దాదాపు 36 దగ్గర చెప్పినది. గాలి 29కి తగ్గితే అదే టైరు మోయగలిగేది సుమారు 515 కిలోలే. ఏడు పాయింట్లకు ఒక్కో చక్రం వంద కిలోల శక్తిని కోల్పోతుంది. నగరంలో ఒక్కరమో ఇద్దరమో తిరిగేటప్పుడు ఈ తేడా ఎక్కడా కనబడదు. నలుగురైదుగురు ఎక్కి, డిక్కీ మూత తొక్కి వేసినప్పుడు బయటపడుతుంది.

సంక్రాంతి ప్రయాణాన్నే తీసుకుందాం, ఎందుకంటే జాతీయ రహదారి 65 మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లలో సగానికి పైగా ఈ బాపతువే అని నా అనుమానం. అక్టోబరు చివర్లో, 28 డిగ్రీల వేళ, 33 పట్టించారు. తర్వాత చూసుకోలేదు. ఎంత మంచి టైరైనా నెలకు ఒక పాయింటు వరకు తనంతట తానే కోల్పోతుంది కాబట్టి రెండున్నర నెలల్లో రెండు పాయింట్లు పోయాయి. భోగి ముందు రోజు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. ఆ చలికి ఇంకో రెండు తగ్గాయి. బండి కదిలే ముందు టైరులో ఉన్నది 29. ఎక్కింది మాత్రం అయిదుగురు, వారి పెట్టెలు, పిల్లల సైకిలు. తిరుగు ప్రయాణంలో దీనికి పాతిక కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు, కొబ్బరికాయల గోనె తోడవుతాయి. ఎండలు లేవు కదా అని ఎవరూ భయపడరు. మే నెలలో ఇద్దరు మనుషులతో 39 చూపిస్తూ పోయిన కారు కంటే ఈ జనవరి కారుకే ప్రమాదం ఎక్కువ.

స్టిక్కరు మీద రెండో వరుస ఉన్నది ఇటువంటి రోజు కోసమే. చాలా కార్లలో నిండు బరువుకు వెనుక చక్రాలకు మూడు నుంచి ఆరు పాయింట్లు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ సూచిస్తారు. ముందు చక్రాలకు పెంపు తక్కువ, లేదా ఉండదు, ఎందుకంటే వెనుక సీటు మనుషుల బరువూ డిక్కీ బరువూ ఎక్కువగా వెనుక ఇరుసు మీదే పడతాయి. కొన్ని కార్లకు ఒకటే అంకె ఇచ్చి ఉంటుంది. అప్పుడు దానినే నమ్మాలి, మనసులో వేరే అంకె పెట్టుకోనక్కరలేదు. "హైవేకు ఎంత" అన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఇది: హైవేకంటూ ప్రత్యేకమైన అంకె లేదు, బరువుకు ఉంది. మన దగ్గర అనుమతించిన వేగాలు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీది 120 కిలోమీటర్లతో సహా, స్టిక్కరు లెక్కలో ఇమిడేవే. వేగం కోసమే గాలి పెంచవలసిన అవసరం 160 దాటి నడిపే జర్మనీ రహదారుల మీద వస్తుంది.

మరి కొందరు అనుభవజ్ఞులు దూరప్రయాణానికి రెండు పాయింట్లు ఎక్కువ పట్టిస్తారు కదా అంటే, అందులో దోషం లేదు. మీటర్లలో ఒకటి రెండు పాయింట్ల తేడా మామూలే కాబట్టి, తప్పు జరిగితే ఎక్కువ వైపే జరగనివ్వడం తెలివైన పని. అయిదారు పాయింట్లు పెంచేవారితో మాత్రం నేను ఏకీభవించను. రోడ్డుకు ఆనుకునే భాగం చిన్నదవుతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది, గుంత అంచుకు కొట్టుకుంటే దెబ్బ నేరుగా లోపలి దారాల మీద పడి కొన్నాళ్లకు పక్క గోడ మీద బుడిపె తేలుతుంది. ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. టైరు పక్క మీద 44 లేదా 51 అని గరిష్ఠ ఒత్తిడి అచ్చుపోసి ఉంటుంది. దానిని సిఫారసుగా తీసుకునేవారిని పంక్చర్ షాపుల్లో చూశాను. అది దాటకూడని గీత మాత్రమే.

వానాకాలంలో మరో కోణం తోడవుతుంది. తడి రన్‌వేల మీద విమానాల టైర్లు నీటి పొరపైకి లేచి పట్టు కోల్పోవడాన్ని 1960ల తొలినాళ్లలో పరిశీలించిన నాసా పరిశోధకులు, అలా తేలిపోయే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని కనుగొన్నారు. ఆ సూత్రం ప్రకారం 33 పీఎస్ఐ దగ్గర ఆ వేగం గంటకు దాదాపు 96 కిలోమీటర్లు, 27 దగ్గర 87 లోపే. కారు టైరుకు గాడులు ఉంటాయి, నీటి లోతు మారుతుంటుంది, కాబట్టి ఈ అంకెలను యథాతథంగా పట్టుకోకూడదు. కానీ గాలి తక్కువైతే టైరు త్వరగా తేలుతుందన్న దిశ మాత్రం అదే. గాడులు 1.6 మిల్లీమీటర్లకు అరిగిపోయిన టైరుకు ఏ గాలీ రక్షణ ఇవ్వదు.

ఎత్తు తేడా గురించి కూడా ఒక మాట, ఇది ఎక్కువ మందికి తట్టదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, విజయవాడ దాదాపు 20 మీటర్ల మీద. కిందికి దిగేసరికి బయటి గాలి ఒత్తిడి పెరిగి, టైరులో చుక్క గాలి పోకపోయినా మీటరు దాదాపు 0.9 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. కోస్తా ఉక్క ఆ లోటును చాలావరకు పూడ్చేస్తుంది కాబట్టి చేయవలసిందేమీ లేదు. మర్నాడు పొద్దున 32 కనిపిస్తే పంక్చరేమోనని హడావిడి పడకుండా ఉంటే చాలు.

నైట్రోజన్ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అది నింపితే టైరు వేడెక్కదని, ఒత్తిడి పెరగదని అనడం సరికాదు. అదే డిగ్రీలకు దాదాపు అంతే పెరుగుతుంది. కారడం మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2007లో ప్రకటించిన పరీక్షలో 30 పీఎస్ఐతో ఏడాది పాటు ఉంచిన టైర్లు మామూలు గాలితో 3.5, నైట్రోజన్‌తో 2.2 కోల్పోయాయి. ఏడాదికి 1.3 పాయింట్ల తేడా కోసం డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. ఉచితంగా దొరికే బంకు గాలిని నెలకోసారి పట్టించుకునేవారికి ఆ ప్రశ్నే రాదు.

కొలిచే సాధనం గురించి మాత్రం కొంచెం పట్టుబడతాను. కంటితో చూసి, కాలితో తన్ని గాలి తెలుసుకోవడం పాత ట్యూబు టైర్ల కాలపు విద్య. ఇప్పటి రేడియల్ టైరు నిండు గాలితోనూ కింద కాస్త ఉబ్బినట్టే ఉంటుంది, ఎనిమిది పాయింట్లు తగ్గినా పెద్దగా తేడా కనబడదు. గాలి గొట్టం చివర ముల్లు మీటరు రోజూ కింద పడుతూ లేస్తూ ఉండేది. దాని మాట మీద ఆధారపడటం కంటే సొంతంగా ఒక మీటరు కొనుక్కుని డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోవడం మేలు. కారులోనే హెచ్చరిక దీపం ఉన్నవారు కూడా దానిని పూర్తిగా నమ్ముకోకూడదు. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కరు అంకెలో నాలుగో వంతు తగ్గినప్పుడు అది వెలగాలి. 33కి నాలుగో వంతు తగ్గితే 25. అంటే 26తో పోతున్నంతసేపూ దీపం ఏమీ అనకపోవచ్చు. ఒక్కో చక్రంలో ఎంత ఉందో అంకెల్లో చూపించే రకం అయితే అది వేరే సంగతి, దాని ఉపయోగం నిజంగా ఎక్కువ. మన దేశంలో 2020 జులైలో సవరించిన నియమాల ప్రకారం గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ, ట్యూబ్‌లెస్ టైరు మరమ్మతు సామగ్రీ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా చెల్లుతుంది. స్టెప్నీ ఉన్నవారు అందులో గాలి ఎంతుందో బయలుదేరే ముందు చూసుకోవాలి. కొన్ని కార్లకు ఇచ్చే సన్నని తాత్కాలిక స్టెప్నీకి 60 పీఎస్ఐ కావాలి, దానితో గంటకు 80 దాటకూడదు.

ఇంటి దగ్గరే కొలిచే అలవాటు ఉంటే దారిలో అవసరమే రాదు, కానీ దారిలోనే చూడవలసి వచ్చిందనుకుందాం. అప్పుడు వేడి టైరు అంకెను స్టిక్కరు అంకెతో నేరుగా పోల్చకూడదు. నాలుగూ ఇంచుమించు సమానంగా, స్టిక్కరు కంటే నాలుగు నుంచి ఆరు ఎక్కువ చూపిస్తే మూత బిగించి పోవచ్చు. వేడిగా ఉండి కూడా స్టిక్కరు అంకెనే చూపిస్తే అందులో గాలి తక్కువున్నట్టే. సుమారు నాలుగు పాయింట్లు ఎక్కువగా పట్టించి, గమ్యంలో చల్లారాక మళ్లీ సరిచూడాలి. మూడు చక్రాలు 38 చూపిస్తూ ఒకటి మాత్రమే 33 చూపిస్తే గాలి కొట్టించి వెళ్లిపోకూడదు, అందులో మేకు ఉందేమో వెతికించాలి. వేడి టైరు నుంచి గాలి తీయడం మాత్రం ఏ సందర్భంలోనూ వద్దు.

ఊరి నుంచి తిరిగి వచ్చే రోజున బస్తాలు ఎక్కించకముందే, పొద్దున్నే, నిండు బరువుకు సూచించిన గాలి పెట్టించాలి. పల్లెలో బంకు దూరమైతే పన్నెండు వోల్టుల చిన్న పంపు ఆ పని చేస్తుంది. ఇంటికి చేరి సామాను దించాక, మర్నాడు టైర్లు చల్లగా ఉన్నప్పుడు, వెనుక చక్రాల్లో ఎక్కువగా ఉన్న ఆ నాలుగైదు పాయింట్లను తీసి మొదటి వరుసకు తేవాలి. వాల్వు నొక్కి గాలి వదలడానికి తగిన సమయం అదే.